పాయింటుకీ పాయింటుకీ మధ్య

ఏ ఊళ్ళో షటిల్ టోర్నమెంటు జరిగినా, ఓడిపోయిన పిల్లల మీద ఒకే తీర్పు పడుతుంది: “ఆట ఉందండీ, మెంటల్‌గా వీక్.” తండ్రి అంటాడు, కోచ్ తలూపుతాడు, పక్కన నిలబడ్డ పెద్దమనిషి అవునవునంటాడు. బూట్ల లేసులు విప్పుకుంటున్న పిల్ల తల ఎత్తకుండా వింటుంది. రాకెట్ తీగ తెగితే సాయంత్రానికల్లా గట్టింగ్ చేయిస్తారు. మడమ నొప్పి అంటే ఫిజియో దగ్గరికి పరిగెడతారు. కాళ్ళు కదలడం లేదంటే మర్నాటి నుంచి షాడో ప్రాక్టీసు, అంటే షటిల్ లేకుండా అడుగుల సాధన, రెట్టింపు. మనసు సంగతి తేలాక మాత్రం ఎవరూ ఏమీ చేయరు. మహా అయితే కారులో ఇల్లు చేరేదాకా ఒక ఉపన్యాసం, రాత్రికి వాట్సాప్‌లో ఒక వీడియో.

నా వాదన ముందే చెప్పేస్తాను. ఒత్తిడిలో తన ఆట తాను ఆడగలగడం బ్యాక్‌హ్యాండ్ లాంటిదే. నేర్పితే వస్తుంది, నేర్పకపోతే కొద్దిమందికి మాత్రమే వస్తుంది. నేర్పాల్సిన పని మానేసి, దాన్ని పిల్లల స్వభావంలోని లోపంగా రాసిపెట్టి చేతులు దులుపుకుంటున్నాం. ఇక ప్రేరణ, ప్రేరణ అని సభలు పెట్టి మరీ పంచుతున్న సరుకు ఉంది చూశారూ, ఆడే పిల్లలు దాన్ని వచ్చేటప్పుడే వెంట తెచ్చుకుంటారు. దాన్ని కరగదీసేది పెద్దవాళ్ళమే.

నేను జిల్లా స్థాయి పోటీల్లో అంపైరింగ్ చేస్తుంటాను. బతుకుతెరువు అది కాదు, ఇష్టం కొద్దీ. ఎత్తు కుర్చీలో కూర్చున్నవాడికి ఒక సౌకర్యం ఉంది. షటిల్ గాలిలో ఉన్నంతసేపూ కళ్ళు దాని మీదే ఉంటాయి. అది నేలకు తగిలి, స్కోరు చెప్పి, మళ్ళీ సర్వీసు పడేదాకా చూడడానికి మిగిలేది ఇద్దరు మనుషులు. ఒకరు లేసు ముడి వేసుకుంటారు. ఒకరు నిక్షేపంలా ఉన్న షటిల్‌ను మార్చమంటారు. చెమట తుడుచుకోవాలంటే అంపైర్ అనుమతి కావాలి కాబట్టి ఎవరు ఎప్పుడు అడుగుతున్నారో పట్టించుకోక తప్పదు. చాలామందికి వరుసగా మూడు పాయింట్లు పోయాకే చెమట గుర్తుకొస్తుంది.

ఈ మధ్య ఒక అండర్-15 బాలికల సెమీఫైనల్లో కూర్చున్నాను. మూడో గేములో ఒక అమ్మాయి 19-16 మీద ఉంది. మంచి స్మాష్, మంచి ఎత్తు. కోర్టు వెనక ప్లాస్టిక్ కుర్చీలో వాళ్ళ నాన్న. ప్రతి పాయింటు తర్వాత ఆమె తల అటు తిరుగుతోంది. మొదట్లో ఆయన బొటనవేలు పైకెత్తి చూపించేవాడు. స్కోరు దగ్గరపడే కొద్దీ అరచేతులు కిందికి ఊపుతూ నెమ్మది, నెమ్మది అన్నాడు. ఆ తర్వాత కణత మీద వేలు పెట్టి చూపించాడు. మ్యాచ్ మొదలైనప్పటి నుంచి ఒక్కసారి కూడా తప్పని ఆమె షార్ట్ సర్వీసు అప్పుడు నెట్ టేపుకు తగిలి తన వైపే పడింది. 19-17. ఆ అమ్మాయి తన మణికట్టు వైపు చూసుకుంది. గాలిలోనే సర్వీసు కదలిక ఒకసారి చేసి చూసుకుంది. తర్వాతి పాయింటులో తేలిగ్గా పడాల్సిన క్లియర్ (వెనక గీత దాకా ఎత్తుగా కొట్టే షాట్) బేస్‌లైన్ దాటి జానెడు దూరంలో పడింది. మళ్ళీ చేతి వైపు చూపు, మళ్ళీ నాన్న వైపు చూపు.

అవతలి అమ్మాయి ఏమీ ఘనకార్యం చేయలేదు. పాయింటు వచ్చినా పోయినా వెనక గీత దాకా నడిచింది. రాకెట్ తీగల్లో పక్కకు జరిగినవాటిని ఎడమచేతి వేళ్ళతో సరిచేసుకుంది. నోటితో ఒక పొడవాటి ఊపిరి వదిలింది. భుజాలు కిందికి దిగాయి. అప్పుడు తిరిగి వచ్చి నిలబడింది. మొదటి గేములో 3-7తో వెనకబడ్డప్పుడూ ఇదే, 19-19 దగ్గరా ఇదే. 21-19తో గెలిచింది. తీగలు సర్దుకోవడం వల్లే గెలిచిందని అనను. ఆమె డ్రాప్ షాట్ కూడా చక్కటిది. అయితే ఆ నడకా ఆ ఊపిరీ ఆమెకు పుట్టుకతో రాలేదు. స్కోరు షీటు మీద సంతకం అయ్యాక వాళ్ళ కోచ్‌ను అడిగాను. “ప్రాక్టీసులో కూడా అది చేయకుండా సర్వీసు వేయనివ్వనండీ. మొదట్లో ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకునేవాళ్ళు” అన్నాడాయన. చిన్న పట్టణంలో రెండు కోర్టుల రేకుల షెడ్డు ఆయనది.

ఓడిన అమ్మాయి మీద పడిన తీర్పు ఏమిటో మళ్ళీ చెప్పనక్కర్లేదు.

బాగా వచ్చిన పనిని మనం శరీరానికి అప్పగించేసి ఉంటాం. మెట్లు దిగుతూ ఏ పాదం ఎక్కడ పడుతోందని లెక్కపెట్టి చూడండి, నాలుగో మెట్టు దగ్గర తూలుతారు. ఒత్తిడి చేసేది సరిగ్గా ఇదే. అప్పగించిన పనిని బుర్ర మళ్ళీ లాక్కుంటుంది. అమెరికన్ మనస్తత్వవేత్త రాయ్ బామైస్టర్ 1984లోనే దీని మీద ప్రయోగాలు ప్రచురించారు. తర్వాత సయాన్ బైలాక్, ఆమె సహచరులు గోల్ఫ్, ఫుట్‌బాల్ ఆడేవాళ్ళతో ఇంకా నిశితంగా పరీక్షించారు. ఆరితేరినవాళ్ళను తమ కదలిక మీదే దృష్టి పెట్టమంటే ఆట చెడింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు మాత్రం అదే పనికొచ్చింది. గాబ్రియెలె వుల్ఫ్ పరిశోధనలు కూడా ఈ దారిలోనివే. చేయి ఎలా తిరుగుతోందనే దాని కన్నా బంతి ఎక్కడికి వెళ్ళాలనే దాని మీద దృష్టి ఉంటే కదలిక మెరుగ్గా సాగుతుందని అవి చూపించాయి.

ఇప్పుడు ఆ 19-17 దగ్గరికి వెళ్దాం. ఆ అమ్మాయి భయపడిందా? భయపడే ఉంటుంది, అవతలి అమ్మాయీ భయపడే ఉంటుంది. తేడా ఏమిటంటే, భయం వచ్చినప్పుడు చూపు ఎక్కడ పెట్టాలో ఒకరికి ఎవరో నేర్పారు, ఇంకొకరికి ఎవరూ నేర్పలేదు. నేర్పనందువల్ల ఆమె చూపు తన మణికట్టు మీదికీ తండ్రి కుర్చీ మీదికీ వెళ్ళింది. గ్యాలరీ నుంచి పెద్దవాళ్ళు “కాన్సన్‌ట్రేట్!” అని అరుస్తుంటారు. దేని మీద అని ఏ పిల్లా తిరిగి అడగదు, అడిగితే అరిచినవాళ్ళ దగ్గర జవాబు ఉండదు.

మన తెలుగు నేల మీద ఈ తీర్పును అందరికన్నా ఎక్కువగా మోసినది పి.వి. సింధు. 2017 ఆగస్టులో గ్లాస్గో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో జపాన్ క్రీడాకారిణి నొజోమి ఒకుహారా చేతిలో 19-21, 22-20, 20-22తో ఓడింది. మ్యాచ్ 110 నిమిషాలు సాగింది. రెండో గేము ఆఖరి ర్యాలీలో 73 షాట్లు. ఆ ర్యాలీ గెలిచి గేము దక్కించుకున్నది సింధు. అంతసేపు నిలబడి రెండు పాయింట్ల తేడాతో ఓడిన మనిషిని పట్టుకుని మనసు బలహీనం అనడానికి ఎంత ధైర్యం కావాలి! కానీ 2018లో కామన్వెల్త్ క్రీడలు, ఆసియా క్రీడలు, నాన్జింగ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్, మూడు ఫైనల్సూ పోయేసరికి “ఫైనల్ ఫోబియా” అన్న మాట పుట్టింది. టీవీ చర్చలు, పాత్రికేయుల ప్రశ్నలు, చివరికి పెళ్ళి భోజనాల దగ్గర కూడా అదే మాట. ఆ మూడింట్లో ఆమెను ఓడించినవాళ్ళు సైనా నెహ్వాల్, తై జు యింగ్, కరోలినా మరీన్. వాళ్ళ చేతిలో ఓడడానికి ప్రత్యేకంగా ఏ ఫోబియా అక్కర్లేదు.

అదే ఏడాది డిసెంబరులో వరల్డ్ టూర్ ఫైనల్స్ గెలిచింది. 2019 ఆగస్టులో బాసెల్‌లో అదే ఒకుహారా మీద, అదే ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో 21-7, 21-7. ముప్పై ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. మధ్యలో మారిందేమిటి? కొరియా కోచ్ కిమ్ జి హ్యూన్‌తో కలిసి ఆటలో ఏమేమి మార్చుకున్నదీ సింధు స్వయంగా చెప్పింది. మనం మనసులో వెతికిన లోపాన్ని వాళ్ళు కోర్టు మీద సరిదిద్దారు.

ఇక్కడ నా వాదనకే నేను అడ్డు తగిలినట్టు కనిపించవచ్చు. కాదు. ప్రతి ఓటమినీ మనసు ఖాతాలో వేసే అలవాటు పోతే తప్ప నిజంగా మనసుకు సంబంధించిన పని ఏదో కంటికి కనబడదు. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000 సంవత్సరంలో వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి రెండు రకాల లిఫ్టుల్లో కలిపి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. స్వర్ణానికీ రజతానికీ పడిన బరువు 242.5. రెండో రకం లిఫ్టు చివరి ప్రయత్నంలో ఆమె 137.5 కిలోలకు వెళ్ళి ఎత్తలేకపోయింది. అంతకు ముందు ఎత్తినది 130. ఒకేసారి ఏడున్నర కిలోలు పెంచడం లెక్కకు, వ్యూహానికి సంబంధించిన విషయం. ఆమదాలవలస నుంచి వెళ్ళి ఒలింపిక్ వేదిక ఎక్కిన మనిషి గుండె నిబ్బరం గురించి కుర్చీలో కూర్చుని మాట్లాడడం మనకు బాగోదు.

మరి మనసుకు శిక్షణ అంటే ఎలా ఉంటుంది? సింధు విషయంలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. చిన్నప్పటి నుంచీ నెమ్మదస్తురాలు, కోర్టు మీద గొంతు లేవదు. ఆమె కోచ్ పుల్లెల గోపీచంద్ ఆమెను కోర్టు మధ్యలో నిలబెట్టి, చుట్టూ తోటి ఆటగాళ్ళు చూస్తుండగా గట్టిగా అరవమన్నారు. అరిచేదాకా రాకెట్ ముట్టుకోనివ్వనన్నారు. 2016 రియో ఒలింపిక్స్ తర్వాత ఈ సంగతి ఆయనే చెప్పారు. అది ప్రసంగం కాదు, కసరత్తు. ఎదుటి ఆటగత్తె మీద తన ఉనికి చాటడం అనే పని ఆమెకు రాదని గుర్తించి, ఫుట్‌వర్క్ నేర్పినట్టే దాన్నీ శరీరంతో చేయించి నేర్పారు. పోటీ ముందు రోజు హోటల్ గదిలో చెప్పిన మాట కాదది.

అయితే ఈ కథను మన కోచ్‌లు కొందరు అర్థం చేసుకున్న తీరు చూస్తే ఒళ్ళు మండుతుంది. అరిపించడమే మంత్రం అనుకుని పదేళ్ళ పిల్లలను వరుసగా నిలబెట్టి కేకలు పెట్టిస్తున్నారు. కిదాంబి శ్రీకాంత్ 2017లో ఒకే ఏడాది నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్ళు గెలిచినప్పుడు కోర్టు మీద ఎంత నెమ్మదిగా ఉన్నాడో గుర్తు తెచ్చుకోండి. ఎవరికి ఏది తక్కువో చూసి ఇచ్చినదే శిక్షణ. అందరికీ ఒకటే పోస్తే అది తీర్థం.

ఎంత లోతుగా వెళ్ళవచ్చో చూడాలంటే రైఫిల్ షూటర్ అభినవ్ బింద్రాను చూడాలి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ ఫైనల్లో ఏడో స్థానం. అప్పుడు కూడా “ఒత్తిడి తట్టుకోలేకపోయాడు” అన్నవాళ్ళున్నారు. తర్వాతి నాలుగేళ్ళలో ఆయన చేసినవి చదివితే పిచ్చిపట్టిందా అనిపిస్తుంది. మెదడు తరంగాలను తెర మీద చూస్తూ ప్రశాంత స్థితిని పట్టుకోవడం సాధన చేశాడు. బీజింగ్ వెళ్ళే ముందు జర్మనీలో కమాండోల తరహా శిక్షణలో నలభై అడుగుల స్తంభం ఎక్కాడు. సగంలో భయమేసి దిగిపోదామనుకున్నా పై దాకా వెళ్ళానని ఆయనే చెప్పుకున్నాడు. 2008 ఆగస్టు 11న ఫైనల్ ముందు పరీక్ష కోసం కాల్చిన గుండు ఎక్కడికో పోయింది, రైఫిల్ సైటు కదిలిపోయి ఉంది. అరవాలా, ఫిర్యాదు చేయాలా, ఎవరు చేశారని వెతకాలా? ఉన్న కొద్ది నిమిషాల్లో సైటు సరిచేసుకుని నిలబడ్డాడు. చివరి గుండు ముందు ఫిన్లాండ్ షూటర్ హెన్రీ హకినెన్‌తో సమానం. బింద్రా 10.8 కొట్టాడు, హకినెన్ 9.7. దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం ఆ చివరి గుండుతో వచ్చింది.

ఆ స్తంభం ఎక్కడం వల్ల 10.8 వచ్చిందా? అలా ముడిపెట్టి చెప్పే ప్రేరణ వక్తలను నేను నమ్మను. ఆ పరికరాల్లో ఏది ఎంత పనిచేసిందో విడదీసి తేల్చడం కష్టం. నాకు ముఖ్యంగా అనిపించేది ఇంకొకటి. భయం వేసిన క్షణాన ఏం చేయాలన్నది ఆయన ముందుగానే, చాలాసార్లు, ఒళ్ళు వంచి సాధన చేసిపెట్టుకున్నాడు. బీజింగ్‌లో ఆ క్షణం ఆయనకు కొత్త కాదు.

జ్యోతి యర్రాజి సంగతి ఇంకా ఇష్టంగా చెబుతాను, విశాఖ పిల్ల అని కొంత, మన గొడవలన్నిటికీ అది జవాబని కొంత. 2023 అక్టోబరు 1, హాంగ్‌జౌ ఆసియా క్రీడలు, 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. పక్క లేనులో చైనా అమ్మాయి వు యన్ని తుపాకీ మోగక ముందే కదిలింది. అధికారులు ఆమెతో పాటు జ్యోతినీ అనర్హురాలన్నారు. ట్రాక్ మీద అయోమయం. జ్యోతి అరవలేదు, వెళ్ళిపోలేదు. తెర దగ్గరికి వెళ్ళి రీప్లే చూపించమని వాదించింది. చివరికి ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు, నిర్ణయం తర్వాత అన్నారు. అలాంటి స్థితిలో వెళ్ళి బ్లాకుల్లో కూర్చోవాలి.

హర్డిల్స్ ఎలాంటి ఆటో తెలిస్తే దీని విలువ తెలుస్తుంది. మొదటి హర్డిల్‌కు 13 మీటర్లు. తర్వాత ఒక్కో హర్డిల్‌కూ మధ్య ఎనిమిదిన్నర మీటర్లు, అందులో మూడే అడుగులు. అలాంటివి పది. కోపంతో ఒక అడుగు పొడవైతే తర్వాతి హర్డిల్‌కు కాలు తగులుతుంది. “కసితో పరుగెత్తు” అని చెప్పే సలహాకు ఈ ఆటలో చోటు లేదు. జ్యోతి 12.91 సెకన్లలో మూడోదిగా వచ్చింది. తర్వాత వు యన్నిని అనర్హురాలిగా తేల్చడంతో రజతం దక్కింది. వాదించాల్సినప్పుడు వాదించి, పరుగు మొదలయ్యాక వాదనను వదిలేయడం అన్నిటికన్నా కష్టమైన విద్య. పతకం వచ్చిందని చప్పట్లు కొట్టి ఊరుకున్నాం, ఆ విద్యను ఏ అకాడమీ పాఠంగా పెట్టుకుందో నాకు కనబడలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. మా రోజుల్లో ఈ మెంటల్ కోచ్‌లు ఎవరున్నారు, ఆడలేదా గెలవలేదా అని. గెలిచారు. గెలిచినవాళ్ళు కాబట్టే వాళ్ళ పేర్లు మనకు తెలుసు. అంతే ఆట ఉండి, ఆ పొడవాటి ఊపిరి ఎలా వదలాలో చెప్పేవాళ్ళు లేక పదహారేళ్ళకే రాకెట్ అటక మీద పెట్టినవాళ్ళ జాబితా ఎవరి దగ్గరా లేదు. మెంటల్ కోచ్ పాడీ అప్టన్ 2011 ప్రపంచ కప్పు గెలిచిన మన క్రికెట్ జట్టుతో ఉన్నాడు, పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన హాకీ జట్టుతో పనిచేశాడు, మన తెలుగింటి కుర్రాడు గుకేశ్ 2024 డిసెంబరులో సింగపూర్‌లో ప్రపంచ చదరంగ ఛాంపియన్ అయినప్పుడు అతనితోనూ పనిచేశాడు. పద్దెనిమిదేళ్ళ గుకేశ్ తొలి గేము ఓడాడు, పదకొండోది గెలిచి వెంటనే పన్నెండోది ఓడాడు, పద్నాలుగోది గెలిచాడు. పైస్థాయిలో అందరికీ అవసరమని తేలిన సహాయం కింద స్థాయిలో పిల్లలకు మాత్రం సోకు అంటే ఎలా? పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా చేసినవాళ్ళు క్రీడా మనస్తత్వ శాస్త్రం ఒక పాఠ్యాంశంగా చదువుకునే వస్తారు. పరీక్ష రాసి అక్కడే వదిలేసి వస్తారు, అదీ సమస్య.

ప్రేరణ విషయానికి వస్తాను. మన ప్రభుత్వాలకు ప్రేరణ అంటే చెక్కు. రియో రజతం తర్వాత సింధుకు తెలంగాణ ఐదు కోట్లు, ఆంధ్రప్రదేశ్ మూడు కోట్లు ప్రకటించాయి, తర్వాత డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగం. బాక్సర్ నిఖత్ జరీన్‌కు 2024లో డీఎస్పీ ఉద్యోగం. ఇవ్వద్దనడం లేదు, వాళ్ళ కష్టానికి అది తక్కువే. కాని పతకం వచ్చాక ఇచ్చినది పతకం తెచ్చే ప్రేరణ ఎలా అవుతుంది? ఆ అమ్మాయిలు చెక్కు కోసం తెల్లవారుజామున లేచారని ఎవరైనా అనగలరా?

బహుమతికీ ఇష్టానికీ ఉన్న సంబంధం మీద 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ చేసిన ప్రయోగం ఒకటి ఉంది. బొమ్మలు వేయడం ఇష్టమున్న నర్సరీ పిల్లల్లో కొందరికి, వేస్తే రిబ్బను కట్టిన ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. వేశారు, పత్రాలు ఇచ్చారు. కొన్నాళ్ళకు ఏ బహుమతీ లేకుండా రంగులు ముందు పెడితే, వాళ్ళు బొమ్మలకు ఇచ్చిన సమయం మిగతావాళ్ళతో పోలిస్తే సగానికి పడిపోయింది. ముందు చెప్పకుండా అనుకోకుండా పత్రం అందుకున్నవాళ్ళలో ఇష్టం తగ్గలేదు. రెండేళ్ళ ముందు ఎడ్వర్డ్ డెసి పజిళ్ళతో కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగమూ ఇలాంటి ఫలితమే ఇచ్చింది.

ఈ ప్రయోగాలను తెచ్చి పేద పిల్లల మొహాన కొట్టేవాళ్ళతో నాకు పేచీ ఉంది. “ఉద్యోగం కోసం ఆడుతున్నారు, ఆట మీద ప్రేమ లేదు” అని నిట్టూర్చడం తిండికి లోటు లేనివాళ్ళ విలాసం. వరంగల్ దగ్గర కల్లెడ నుంచి వచ్చిన దీప్తి జీవాంజిది కూలీ కుటుంబం. మేధోపరమైన లోపం ఉందని ఊళ్ళో వాళ్ళు ఎన్నెన్నో మాటలన్నారు. 2024 మేలో జపాన్‌లోని కోబేలో జరిగిన పారా అథ్లెటిక్స్ ప్రపంచ పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పింది, ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. అలాంటి ఇంట్లో డబ్బు ఆట మీద ఇష్టాన్ని చంపే పురుగు కాదు. అది ఆడుకునే వీలు. రేపటి కూలి గురించి భయం లేకపోతేనే ఈ రోజు పరుగు మీద మనసు నిలుస్తుంది. డెసి, రిచర్డ్ రయన్ తర్వాత కట్టిన సిద్ధాంతం కూడా డబ్బును శత్రువని అనదు. తన పనిని తానే ఎంచుకున్నానన్న భావన, పని చేతనవుతోందన్న నమ్మకం, తనవాళ్ళు అనుకునే మనుషులు, ఈ మూడూ ఉంటే ఇష్టం నిలుస్తుందంటుంది. ఇచ్చేది చెక్కయినా చప్పట్లయినా, మనిషిని కట్టేయడానికి వాడితే ఆ ఇష్టం చస్తుంది.

కట్టేయడంలో మన మధ్యతరగతి తల్లిదండ్రులను మించినవాళ్ళు లేరు. “నీ కోసం ఎంత ఖర్చు పెడుతున్నామో తెలుసా” అన్న మాట కోర్టు పక్కన ఎన్నిసార్లు విన్నానో. అకాడమీ ఫీజు, ఈకల షటిళ్ళ డబ్బా ధర, బూట్లు, రైలు టికెట్లు, అన్నీ ఏకరువు పెడతారు. లెక్క నిజమే. ఆ లెక్క విన్న పిల్ల మర్నాడు ఆడేది షటిల్ కాదు, అప్పు తీర్చడం. ఒక పాయింటు పోయినప్పుడల్లా ఆమె కుర్చీ వైపు ఎందుకు చూస్తుందో అప్పుడు అర్థమవుతుంది.

ఇంత చేసినా మిగిలిన ఇష్టాన్ని ఇంటర్మీడియట్ మింగేస్తుంది. మన రెండు రాష్ట్రాల్లో అండర్-15లో నిండుగా ఉండే డ్రా షీట్లు అండర్-19కి వచ్చేసరికి ఎంత పలచబడతాయో ఏ టోర్నమెంటు నిర్వాహకుణ్ణి అడిగినా చెబుతాడు. పదో తరగతి అవగానే హాస్టలు, ఉదయం నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు. అక్కడ ఆగిపోయిన పిల్లలను కూడా మనం “పట్టుదల లేదు” అనే లెక్కలో వేస్తాం. పట్టుదల లేక కాదు, పొద్దున నాలుగున్నరకు కోర్టుకు తీసుకెళ్ళే మనిషి స్కూటరు స్టాండు తీయడం మానేశాడు కాబట్టి ఆగారు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మనసుకు శిక్షణ అన్న పేరుతో అన్నీ ఒకే బుట్టలో వేయకూడదు. అమెరికన్ జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ టోక్యో ఒలింపిక్స్‌లో జట్టు ఫైనల్ మధ్యలో తప్పుకున్నప్పుడు ప్రపంచమంతా పిరికితనమని కొందరు, ధైర్యమని కొందరు కొట్టుకున్నారు. ఆమెకు గాలిలో తిరుగుతున్నప్పుడు ఒళ్ళు ఎక్కడుందో తెలియడం లేదు. అలాంటప్పుడు దూకితే మెడ విరుగుతుంది. ఆగడమే సరైన పని. పారిస్‌లో తిరిగి వచ్చి మూడు స్వర్ణాలు గెలిచింది. బింద్రా కూడా స్వర్ణం తర్వాత తనను కమ్ముకున్న శూన్యం గురించి బాహాటంగా మాట్లాడాడు. నిద్ర పట్టని పిల్లకు, తిండి మానేసిన పిల్లకు ఊపిరి కసరత్తులు చెప్పి సరిపెట్టకూడదు, వైద్యుడికి చూపించాలి. అలాగే కళ్ళు మూసుకుని గెలుపును ఊహించుకుంటే చాలు గెలుస్తారని చెప్పి ఫీజు వసూలు చేసేవాళ్ళకు దూరంగా ఉండాలి. ఊహలో చేసే సాధన పనికొస్తుంది, నిజమే. నిజమైన సాధనతో కలిపితేనే, అదీ దానికి తోడుగానే.

ఆ రేకుల షెడ్డు కోచ్ శనివారాలు చేయించేది ఒకసారి వెళ్ళి చూశాను. గేములన్నీ 18-18 నుంచి మొదలు. మూడు పాయింట్ల ఆట, ఓడినవాళ్ళు కోర్టు దిగి, మళ్ళీ వరుసలో నిలబడతారు. ఆయన అంపైర్‌గా నిలబడి కావాలని ఒకటి రెండు తప్పుడు నిర్ణయాలిస్తాడు. లోపల పడినదాన్ని అవుట్ అంటాడు. పిల్లలు మొదట్లో నోరు తెరిచారట, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. ఇప్పుడు ఒక్కసారి ఆయన వైపు చూసి, వెనక గీత దాకా నడిచి, తీగలు సర్దుకుని వస్తున్నారు. పాయింటు అయ్యాక ఒక్కో పిల్లనూ ఒకే ప్రశ్న అడుగుతాడు: “సర్వీసు ముందు ఏం చూశావమ్మా?” షటిల్ ఈకలు అని ఒకరు, అవతలి అమ్మాయి కాళ్ళు అని ఒకరు. ఒక చిన్నది “మిమ్మల్ని చూశాను సార్” అంది. “నన్ను చూస్తే ఏముంది తల్లీ” అని నవ్వి మళ్ళీ వేయమన్నాడు. గెలుపోటములు గోడ మీద రాయడు. ఎవరు ఎన్నిసార్లు ఊపిరి వదలడం మరిచారో మాత్రం సుద్దముక్కతో గీతలు పెడతాడు. దీనికి మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేటు అక్కర్లేదు. ఒక గంటన్నర, ఒక సుద్దముక్క చాలు.

తిరిగి వస్తుంటే ఒక తండ్రి గేటు దగ్గర ఆయన్ని ఆపాడు. మల్టీ షటిల్ ఆడిస్తే ఆ గంటన్నరలో వందల స్ట్రోకులు కొట్టేది కదా మాస్టారూ, నిలబడి ఊపిరి పీల్చుకోవడానికి ఫీజు ఎందుకు కట్టాలి అని అడిగాడు. ఆయన వాదించలేదు. శనివారానికి ఫీజు తీసుకోను, పాపను మాత్రం పంపండి అన్నాడు. ఉచితం కదా అని ఆ తండ్రి తన రెండో కూతుర్ని కూడా పంపుతున్నాడు.